ఆగే శక్తి

"పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలు" అన్నారు పెద్దలు. పందెపు కారును రూపొందించే ఇంజనీరుకు మాత్రం పరుగూ కావాలి, నిలకడా కావాలి. ఆ రెండింటికీ పొత్తు కుదర్చడమే అతని విద్య.

అబిడ్స్ కూడలిలో ఎర్రదీపం వెలగగానే బస్సులు, ఆటోలు, స్కూటర్లు ఆగిపోతాయి. అంతవరకు వాటిలో ఉన్న గతిజశక్తి ఏమవుతుంది? బ్రేకులలో కలిగే ఘర్షణ దానిని వేడిగా మార్చి గాలిలో కలుపుతుంది. 1000 కిలోల కారు గంటకు 72 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు దాని గతిజశక్తి 200 కిలోజౌళ్లు. వేగం 144 కిలోమీటర్లకు పెరిగితే శక్తి రెట్టింపు కాదు. నాలుగింతలై 800 కిలోజౌళ్లకు చేరుతుంది. వేగవంతమైన కారుకు బలమైన బ్రేకులు అవసరమయ్యేది ఇందుకే.

బ్రేకు డిస్కును పెద్దది చేస్తే అది ఎక్కువ వేడిని తట్టుకొంటుంది. కాని బరువు కూడా పెరుగుతుంది. ఆ బరువు స్ప్రింగులకు దిగువన, చక్రం వద్దనే చేరుతుంది. అప్పుడు గతుకుల మీద చక్రం నేలను వెంటనే అంటిపెట్టుకోలేదు. టైరుకు రోడ్డుమీద పట్టు చిక్కనప్పుడు ఎంత గొప్ప బ్రేకైనా నిష్ప్రయోజనమే.

ఈ చిక్కుకు ఒక పరిష్కారం పదార్థాన్ని మార్చడం. 2001లో వచ్చిన పోర్షే 911 జీటీ2 కారుకు పోత ఇనుప డిస్కులకు బదులు కార్బన్ సిరామిక్ డిస్కులను అమర్చారు. వాటి బరువు ఇనుప డిస్కులలో సుమారు సగమే. అయితే వాటి ధర చాలా ఎక్కువ.

మరొక పరిష్కారాన్ని హైదరాబాదు ప్రజలు కళ్లారా చూశారు. 2023 ఫిబ్రవరి 11న హుస్సేన్ సాగర్ తీరాన, సచివాలయం పరిసరాలలో భారతదేశంలోని తొలి ఫార్ములా ఈ పోటీ జరిగింది. ఫ్రాన్సు దేశీయుడు జాన్ ఎరిక్ వెర్న్ విజేతగా నిలిచాడు. ఆ విద్యుత్ కార్ల బరువు డ్రైవరుతో కలిపి 840 కిలోలు. అంతకు ముందు తరం కారు బరువు సుమారు 900 కిలోలు. బరువు తగ్గించే ప్రయత్నంలో భాగంగా రూపకర్తలు వెనుక చక్రాలకు మామూలు హైడ్రాలిక్ బ్రేకులనే తొలగించారు. వేగం తగ్గించే వేళ మోటార్లే జనరేటర్లుగా మారి, 600 కిలోవాట్ల వరకు శక్తిని బ్యాటరీకి తిరిగి పంపగలవు. వేడిగా వృథా అయ్యే శక్తి అలా మళ్లీ పరుగుకు ఉపకరిస్తుంది.

అయితే విద్యుత్ వ్యవస్థ విఫలమైతే వెనుక చక్రాలను ఆపేదెలా అన్న ప్రశ్న తలెత్తింది. అందుచేత తరువాత ఆ కార్లకు అదనంగా ఒక అత్యవసర బ్రేకును చేర్చారు. దానివల్ల బరువు కొంత పెరిగినా, మనిషి ప్రాణంతో తూచినప్పుడు ఆ బరువు లెక్కలోనిది కాదు.

2024లో హైదరాబాదులో జరగవలసిన పోటీ రద్దయింది. కాని అదే సూత్రం ఈ నగరంలో ప్రతిదినం పనిచేస్తూనే ఉంది. 2018 సెప్టెంబరులో ప్రారంభమైన నాంపల్లి మెట్రో స్టేషనులో ఆగే ప్రతి రైలూ వేగం తగ్గించుకొంటూ కొంత విద్యుత్తును తీగలలోకి తిరిగి పంపుతుంది. అనవసరమైన భారాన్ని విడిచిపెట్టడం నేర్పరితనం. ఏది అనవసరమో, ఏది ప్రాణాధారమో గుర్తించడం వివేకం. యంత్రాన్ని నిర్మించేవానికి ఆ రెండూ ఉండాలి.