ముందు మరక, ఆ తర్వాతే మోత

ఇవాళ సాయంత్రం కారు నిలిపేటప్పుడు స్టీరింగును పూర్తిగా ఒక పక్కకు తిప్పి ఆపండి. దిగి, ఫోన్ టార్చి వేసి, ముందు చక్రం వెనకవైపు చూడండి. గేరుబాక్సు నుంచి చక్రంలోకి వెళ్లే ఇనప కడ్డీ ఒకటి కనిపిస్తుంది. అది డ్రైవ్ షాఫ్టు. మన మెకానిక్కులు ఎక్కువగా యాక్సిల్ అనే అంటారు. చక్రం దగ్గర దాని చివరన మడతలు మడతలుగా నల్లటి రబ్బరు తొడుగు ఉంటుంది. అది బూటు. ఆ మడతల మీద జిడ్డుగా నల్లటి మరక ఉందా? చక్రం లోపలి అంచు చుట్టూ గ్రీజు చిమ్మినట్టు చుక్కలున్నాయా? ఉంటే బూటు చిరిగింది. కారు ఇంకా ఏ చప్పుడూ చేయడం లేదు కదా అంటారేమో. చేయదు. అది చప్పుడు చేసే రోజుకి మీ చేతిలో ఉన్న చవకైన అవకాశం దాటిపోయి ఉంటుంది.

ఆ తొడుగు లోపల ఉన్నదేమిటో తెలిస్తే దాని మీద గౌరవం పెరుగుతుంది. ముందు చక్రాలు రెండు పనులు చేయాలి. బండిని లాగాలి, పక్కలకు తిరగాలి. గుంత వస్తే పైకీ కిందికీ ఊగాలి కూడా. ఇన్ని వంపుల్లోనూ ఇంజను శక్తి చక్రానికి ఒకే వేగంతో అందాలి. పాతకాలపు క్రాస్ జాయింటుతో ఇది కుదరలేదు. వంపులో ఉన్నప్పుడు అది ఒక్కో చుట్టులో రెండుసార్లు వేగం పుంజుకుని, రెండుసార్లు తగ్గుతుంది. ఆ కుదుపు నేరుగా స్టీరింగుకు వస్తుంది. 1920ల్లో ఫోర్డ్ కంపెనీలో ఇంజనీరుగా ఉన్న ఆల్ఫ్రెడ్ జెప్పా దీనికి మందు కనిపెట్టాడు. ఒక గిన్నె, లోపల ఒక ముద్ద, రెంటికీ మధ్య వంపు గాడుల్లో ఆరు ఉక్కు గోళీలు. వాటిని పట్టి ఉంచే పంజరం, గోళీలన్నిటినీ ఎప్పుడూ ఆ వంపుకు సరిగ్గా నడిమధ్యనే నిలుపుతుంది. చక్రం ఎంత తిరిగినా వేగం మారదు. సీవీ (కాన్‌స్టంట్ వెలాసిటీ, అంటే వేగం మారని) జాయింటంటే ఇదే. 1959లో బ్రిటన్‌లో వచ్చిన మినీ కారు ఈ రకం జాయింట్లతోనే చిన్న కార్ల స్వరూపాన్ని మార్చేసింది. మన దేశంలో 1983 డిసెంబరులో మారుతి 800 రోడ్డెక్కేదాకా కుటుంబాలు ఎక్కువగా తిరిగిన అంబాసిడర్, ప్రీమియర్ పద్మిని వెనక చక్రాలతో నడిచేవి. ఇవాళ మనం కొనే చిన్న కార్లు దాదాపు అన్నీ ముందు చక్రాలతో లాగేవే. రేపు ఎలక్ట్రిక్ కారు కొన్నా ఈ జాయింట్లూ బూట్లూ దానికీ ఉంటాయి.

ఇంత నేర్పుగా చేసిన ఉక్కు సామగ్రిని కాపాడేది రబ్బరు తొడుగు, అందులోని గుప్పెడు నల్ల గ్రీజు. బూటు లోపలి గ్రీజును బయటికి పోనివ్వదు, బయటి దుమ్మునూ నీటినీ లోపలికి రానివ్వదు. దాని పని అంతే. ఎండకు, వయసుకు, రోజూ తిప్పే స్టీరింగుకు అది మడతల దగ్గర పగులుతుంది. కోతల కాలంలో మన పల్లెల్లో తారురోడ్ల మీద పరిచిన గడ్డి షాఫ్టుకు చుట్టుకుని రబ్బరును ఒరుసుకుంటుంది. ఎక్కువగా వంగేది చక్రం వైపు బూటు కాబట్టి సాధారణంగా ముందు చిరిగేది అదే. చీలిక పడ్డాక, తిరిగే వేగానికి గ్రీజు బయటికి చిమ్ముతుంది. ఆ సందులోంచే ఇసుక లోపల చేరుతుంది. అక్కడి నుంచి గోళీలు గాడులను నూరడం మొదలుపెడతాయి. అది కూడా నిశ్శబ్దంగానే జరుగుతుంది. చాలాకాలం తర్వాత, ఒకరోజు యూ టర్న్ తీసుకునేటప్పుడు టకటకమని వినిపిస్తుంది.

మనలో చాలామంది ఆ టకటక కోసమే ఎదురుచూస్తాం. మరకను చూసి కదిలేవాళ్లు తక్కువ, మోత విని పరిగెత్తేవాళ్లు ఎక్కువ. నిజానికి మనకు ఓపిక కొరత లేదు, సమయం కొరత కూడా అంతగా లేదు. బాధ పెట్టని దాన్ని సమస్యగా ఒప్పుకోం, అంతే. అధిక రక్తపోటు చాలామందిలో ఏ బాధా పెట్టదు, కొలిస్తేనే తెలుస్తుంది. క్రెడిట్ కార్డుకు కనీస మొత్తం మాత్రమే కట్టిన మొదటి నెల ఏ చప్పుడూ రాదు. కాలేజీకి వెళ్లే అబ్బాయి భోజనాల దగ్గర మాట్లాడడం మానేసిన మొదటి వారమూ రాదు. ఇవన్నీ మరకలు. ఆసుపత్రి బిల్లు, బ్యాంకు నోటీసు, పరీక్ష తప్పిన వార్త మోతలు. గోటితో పోయేదానికి గొడ్డలి దాకా తెచ్చుకోవద్దని మన పెద్దలు అన్నది ఊరికే కాదు. గోరు వాడాల్సిన సమయంలో మనకు ఏ నొప్పీ ఉండదు, అక్కడే ఉంది చిక్కు.

కాబట్టి చప్పుడు రాకముందే చూసే అలవాటు చేసుకోండి. అలవాటు అన్నాను, జాగ్రత్త అనలేదు. జాగ్రత్త మనసులో ఉంటుంది, రెండు రోజుల్లో ఆవిరైపోతుంది. అలవాటు ఒక తేదీకో పనికో కట్టేసి ఉంటుంది. టైర్లు మార్పిడి చేయించినప్పుడల్లా, ఆయిల్ మార్పించినప్పుడల్లా బండి ఎలాగూ పైకి లేస్తుంది. అప్పుడే నాలుగు బూట్లూ చూడండి. ఒక్కో షాఫ్టుకు రెండేసి ఉంటాయి, చక్రం వైపొకటి, గేరుబాక్సు వైపొకటి. కారు ఎక్కువ తిప్పలేదు కదా అనుకోకండి. రబ్బరుకు కిలోమీటర్లతో పాటు ఏళ్లూ లెక్కే. షెడ్డులో నిలబెట్టిన బండికీ బూటు పగులుతుంది.

ఇక 'ఇంకో నెల నడుస్తుందిలే' అనే మాట దగ్గరికి వద్దాం. మెకానిక్కు అన్నా, మనమే అనుకున్నా, దీని గురించి నేను గట్టిగానే చెబుతాను. నడవొచ్చు. రెండు నెలలు కూడా నడవొచ్చు. కానీ ఇసుక చేరిన జాయింటు ఏ రోజు విడిపోతుందో ఎవరూ చెప్పలేరు. విడిపోయిన రోజు ఏం జరుగుతుందో తెలుసా? రెండో పక్క షాఫ్టు కొత్తదానిలా ఉన్నా సరే, బండి కదలదు. గేరుబాక్సులోని డిఫరెన్షియల్ శక్తిని తేలిగ్గా తిరిగే వైపుకే పంపిస్తుంది. తెగిన వైపు ఉత్తినే తిరుగుతుంది, బాగున్న వైపు నిలబడిపోతుంది. ఆటోమేటిక్ కారైతే ఇంకా ప్రమాదం. లివరు 'పి'లో పెట్టినా వాలులో బండి దొర్లిపోవచ్చు, ఎందుకంటే ఆ తాళం పడేది గేరుబాక్సుకు, దానికీ చక్రానికీ మధ్య లంకె తెగిపోయింది. అప్పుడు హ్యాండ్‌బ్రేకే దిక్కు. ఉద్యోగంలో బ్రహ్మాండంగా ఉన్న మనిషి ఆరోగ్యం తెగిపోయిన రోజున పూర్తిగా ఆగిపోవడం మనం చూస్తూనే ఉన్నాం. బలంగా ఉన్న పక్క బలహీనమైన పక్కను లాక్కుపోతుందన్న నమ్మకం చాలా ఇళ్లను ముంచింది.

మరక కనిపించింది. ఇప్పుడు బూటు ఒక్కటే మార్చాలా, యాక్సిల్ మొత్తం మార్చాలా? ఇక్కడే మనిషి నిజాయితీకి పరీక్ష. చిరిగిన బూటులోంచి కాస్త గ్రీజు తీసుకుని రెండు వేళ్ల మధ్య నలపండి. మెత్తగా ఉండి, తిప్పినప్పుడు ఏ చప్పుడూ లేకపోతే, బూటు కిట్టుతో సరిపోతుంది. జాయింటు విప్పి, పాత గ్రీజు చుక్క లేకుండా కడిగి ఆరబెట్టి, గాడుల్లో గుంటలు లేవని చూసుకుని, కిట్టుతో వచ్చిన గ్రీజే నింపాలి. గ్రీజు ఇసుకలా గరగరమన్నా, మలుపులో టకటకమన్నా, ఆ జాయింటు అరిగిపోయినట్టే. దానికి కొత్త బూటు తొడిగి కొత్త గ్రీజు పెడితే చప్పుడు కొన్నాళ్లు తగ్గినట్టుంటుంది, అరిగిన ఉక్కు తిరిగి రాదు. పైపైన సర్దిన గొడవలకు, వడ్డీ కట్టడానికి తెచ్చిన అప్పులకు కూడా ఇదే గతి. అలాగని ఎదురుగా ఇంకో తప్పుంది. చిన్న చీలిక కనపడగానే మంచి కంపెనీ యాక్సిల్‌ను తీసి పారేసి, ఊరూ పేరూ లేని చవక యాక్సిల్ బిగించడం. పాతది బాగున్నప్పుడు కొత్త బూటుతో అదే ఎక్కువ కాలం వస్తుంది. నాసిరకం కొత్తది మొదటి రోజు నుంచే వణుకు పుట్టించవచ్చు. చిన్న కార్లకు బూటు వందల్లో పోతుంది, యాక్సిల్ వేలల్లో పోతుంది. కానీ డబ్బు తేడా కన్నా నాకు ముఖ్యంగా అనిపించేది, ఏది చెడింది, ఏది చెడలేదు అని నిదానంగా తేల్చుకునే గుణం. తమను తాము మార్చుకోవాలని కూర్చున్న చాలామంది చెడింది ఒకటైతే అన్నీ పీకేస్తారు.

పని మొదలయ్యాక వరస ముఖ్యం. యాక్సిల్ నట్టును బండి నేల మీద ఉండగానే, బ్రేకు తొక్కి పట్టి వదులు చేయాలి. చక్రం గాల్లో ఉన్నాక ఆ బలం పెడితే జాకీ జారవచ్చు. ఎత్తాక కింద స్టాండ్లు పెట్టాలి. ఒక్క జాకీని నమ్మి బండి కింద దూరడం ధైర్యం అనిపించుకోదు. బాల్ జాయింటు విప్పి, చక్రం మోసే భాగాన్ని పక్కకు లాగి, షాఫ్టు చివరను బయటికి తీయాలి. అప్పుడు షాఫ్టును వేలాడదీయకూడదు, చేత్తోనో తాడుతోనో ఆసరా ఇవ్వాలి. లేకపోతే గేరుబాక్సు వైపు జాయింటు సాగి ఊడిపోవచ్చు. అటువైపు లాగగానే గేరు ఆయిల్ కారుతుంది, కింద పళ్లెం ఉంచుకోవాలి, పోయినంత తిరిగి నింపాలి. కొత్తది ఎక్కించేటప్పుడు షాఫ్టు పళ్లు ఆయిల్ సీలును చీరేయకుండా తిన్నగా తోయాలి. షాఫ్టు చివరను పట్టి ఉంచే స్ప్రింగు రింగు, అంటే సర్క్లిప్, 'టక్' మని కూర్చున్నాక ఒకసారి చేత్తో లాగి చూడాలి. ఊడి రాకూడదు. బూటు బిగించే క్లాంపుల బదులు బైండింగు వైరుతో కట్టేవాళ్లున్నారు, ఒప్పుకోకండి. యాక్సిల్ నట్టు కొత్తది వాడాలి. దాన్ని టార్క్ రెంచితో కంపెనీ చెప్పిన లెక్కకు బిగించాలి. చాలా కార్లలో అది 150 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఆ బిగువే చక్రం బేరింగును పట్టి ఉంచుతుంది. అందుకే నట్టు బిగించకుండా బండి బరువు చక్రం మీద మోపకూడదు, ఒక్క అడుగు కూడా తోయకూడదు.

ఇదంతా మీరే చేయాలని అనడం లేదు. కానీ వరస తెలిసినవాడు పక్కన నిలబడితే పని తీరే మారుతుంది. విజయవాడ ఆటోనగర్‌లోనో, మీ వీధి చివరి షెడ్డులోనో మెకానిక్కుతో అరవకుండా, అనుమానించకుండా, "అన్నా, పాత బూటు పడేయకు, ఒకసారి చూపించు. సర్క్లిప్ కొత్తదే వేస్తున్నావు కదా?" అనండి. పని వచ్చినవాడు ఇలా అడిగితే చిన్నబుచ్చుకోడు. చిరుగు ఎక్కడుందో, ఎందుకొచ్చిందో తనే చూపిస్తాడు. చూపించడానికి విసుక్కునేవాడి దగ్గరికి రెండోసారి వెళ్లకండి. అమెరికాలో ఉన్న మనవాళ్లలో కొందరు ఈ పని తామే చేసుకుంటారు. అక్కడి కొన్ని పెద్ద విడిభాగాల దుకాణాలు డిపాజిట్ తీసుకుని పనిముట్లు ఇస్తాయి. మంచు కరిగించే ఉప్పు వల్ల షాఫ్టు హబ్బులో తుప్పుపట్టి బిగుసుకుపోవడం అక్కడ అదనపు బాధ.

చివరగా ఒక విషయం చాలామంది వదిలేస్తారు. ఒక పక్క బూటు వయసుతో పగిలితే రెండో పక్కది కూడా అదే వయసుది. బండి విప్పి ఉండగానే దాన్నీ చూడండి. వరదనీటిలో నిలిచిన బండి అయితే నాలుగూ చూడాలి. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో ఎన్నో కార్లు మునిగాయి. బూటు గట్టిగా ఉన్న జాయింటులోకి ఆ నీరు అంత తేలిగ్గా పోదు, చిన్న చీలిక ఉన్న దాంట్లోకి తప్పక పోతుంది. నీరు కలిసిన గ్రీజు రంగు మారుతుంది. అలా కనిపిస్తే ఆ గ్రీజును ఒక్కరోజు కూడా లోపల ఉంచకండి.

మీ ఇంట్లో డ్రైవింగ్ నేర్చుకుంటున్న పిల్లలుంటే, అమ్మాయైనా అబ్బాయైనా, క్లచ్చూ గేర్లూ వచ్చేశాక ఒక ఆదివారం పొద్దున వాళ్లను చక్రం వెనక కూర్చోబెట్టి ఈ బూటు చూపించండి. ఆ గ్రీజును వాళ్ల వేళ్లతోనే నలపనివ్వండి. లైసెన్సు పరీక్షలో ఇది అడగరు, కాబట్టి నేర్పాల్సింది మీరే.