నాచు బిళ్ళలు – కొలెస్టరాల్: సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



"రక్తంలో కొలెస్టరాల్ ఎక్కువగా ఉన్నదని డాక్టరుగారు చెప్పారు. స్పైరులినా అనే ఆకుపచ్చ బిళ్ళలు వేసుకుంటే తగ్గుతుందంటున్నారు. డాక్టరుగారి మందు మానివేయవచ్చునా?" పాలకేంద్రం వద్ద ఇటువంటి ప్రశ్న ఎవరైనా వేస్తే ఏమి చెప్పాలి? ఈ పాఠంలో ఆ విషయం తెలుసుకుందాం.

స్పైరులినా అంటే ఏమిటి?

ఇది కంటికి ఆనని నీలి ఆకుపచ్చ నాచు. చవుడు గుణం గల నీటిలో పెరుగుతుంది. ఆఫ్రికాలో చాద్ సరస్సు ప్రాంతంలోని కానెంబు ప్రజలు దీనిని నీటి నుండి వడగట్టి, ఎండబెట్టి, "దిహే" అనే పేరుతో వంటలో వాడుతారు. 16వ శతాబ్దంలో మెక్సికోలోని టెస్కోకో సరస్సు నుండి కూడా ప్రజలు ఇటువంటి నాచును తీసి తినేవారు. నేడు శుభ్రమైన తొట్లలో పెంచి, పొడిగా, బిళ్ళలుగా అమ్ముతున్నారు.

కొలెస్టరాల్ ఎలా కీడు చేస్తుంది?

పాలలోని వెన్న నీటిలో కరగదు. కొలెస్టరాల్ కూడా అంతే. అందువల్ల రక్తంలో అది చిన్న మూటలుగా ప్రయాణం చేస్తుంది. ఎల్.డి.ఎల్. అనే మూటలు ఎక్కువైతే రక్తనాళాల గోడలలో చేరుతాయి. అందుకే దానిని చెడు కొలెస్టరాల్ అంటారు. హెచ్.డి.ఎల్. అనే దానిని మంచి కొలెస్టరాల్ అంటారు.

రాగి పాత్రలో పాలు ఉంచరాదని మనకు తెలుసు. రాగి తగిలినా, ఎండ తగిలినా పాలలోని కొవ్వు ప్రాణవాయువుతో కలిసి చెడు రుచి వస్తుంది. దీనినే ఆక్సీకరణం అంటారు. రక్తనాళాల గోడలలో చేరిన ఎల్.డి.ఎల్. కూడా ఇదే విధంగా చెడిపోతుంది. చెడిన కొవ్వును తెల్లకణాలు మింగి ఉబ్బిపోతాయి. క్రమంగా గోడ లోపల గార కట్టి, రక్తం పోయే దారి ఇరుకవుతుంది. గుండెపోటుకు ఇది ముఖ్య కారణం.

నాచు చేసే మేలు ఎంత?

స్పైరులినాలోని ఫైకోసయనిన్ అనే నీలిరంగు పదార్థం, బీటా కెరోటిన్ ఆక్సీకరణాన్ని అడ్డుకొనే గుణం కలవి. కొరియాలో వృద్ధులకు రోజుకు 8 గ్రాముల చొప్పున 16 వారాలు ఇచ్చి చూసి, 2008లో ఫలితాలు ప్రకటించారు. రక్తానికి ఆక్సీకరణాన్ని తట్టుకొనే శక్తి పెరిగినట్లు కనిపించింది. గ్రీసు దేశపు క్రీటు దీవిలో 52 మందికి రోజుకు 1 గ్రాము చొప్పున 12 వారాలు ఇచ్చారు. 2014లో ప్రకటించిన ఆ ఫలితాలలో చెడు కొలెస్టరాల్ సుమారు 10 శాతం తగ్గింది.

అయితే ఈ పరీక్షలు కొద్దిమందిపై, కొద్ది వారాలు జరిగినవి. ఈ నాచు తిన్నవారికి గుండెపోట్లు తగ్గినట్లు ఇంతవరకు రుజువు కాలేదు. డాక్టర్లు ఇచ్చే స్టాటిన్ మందులు చెడు కొలెస్టరాల్‌ను సాధారణంగా 30 నుండి 50 శాతం వరకు తగ్గిస్తాయి. గుండెపోట్లను తగ్గిస్తాయని వేలాదిమందిపై రుజువైనది కూడా. కనుక నాచు బిళ్ళ మందుకు బదులు కాదు. మందు మానడం ప్రాణానికే ముప్పు.

పాలు అమ్మి బిళ్ళలు కొనాలా?

స్పైరులినా పొడిలో మాంసకృత్తులు నూటికి 60 పాళ్ళ వరకు ఉంటాయన్న మాట నిజమే. కాని 1 గ్రాము బిళ్ళలో వచ్చేది అర గ్రాముకు కాస్త ఎక్కువ. పావు లీటరు పాలలో సుమారు 8 గ్రాములు ఉంటాయి. ఇక బి-12 విటమిన్ సంగతి. స్పైరులినాలో ఉన్న దానిలో చాలా భాగం మన శరీరానికి పనికిరాని రకం. పాలలో ఉన్నది అసలైన రకం. అందువల్ల పాలన్నీ కేంద్రానికి పోసి, పిల్లలకు బిళ్ళలు కొనిపెట్టడం లెక్కకు రాదు. కొలెస్టరాల్ ఉన్నవారు మీగడ, వెన్న, నెయ్యి తగ్గించి, వెన్న తీసిన పాలు, పలుచని మజ్జిగ తీసుకోవచ్చు.

చెరువు నాచుతో జాగ్రత్త

చెరువులో, కుంటలో తేలే పచ్చని తెట్టు స్పైరులినా అనుకొని ఎవరూ తినరాదు, పశువులకు పెట్టరాదు. మైక్రోసిస్టిస్ వంటి నాచులలో కాలేయాన్ని పాడుచేసే విషం ఉంటుంది. దక్షిణ ఆస్ట్రేలియాలో అలెగ్జాండ్రినా సరస్సు నీరు త్రాగి పశువులు చనిపోయిన సంగతి 1878లోనే ప్రచురితమైనది. నీటిపై పచ్చరంగు పూసినట్లు తెట్టు కట్టితే ఆ నీరు పశువులకు త్రాపవద్దు. త్రాగిన పశువు నీరసించినా, తూలినా వెంటనే పశువైద్యునికి కబురు చేయండి.

గుర్తుంచుకోండి

1. డాక్టరుగారిని అడగకుండా మందు మానవద్దు. బిళ్ళలు వాడుతుంటే ఆ సంగతి వారికి చెప్పండి.
2. గర్భిణులు, ఇతర దీర్ఘవ్యాధులున్నవారు సలహా లేకుండా బిళ్ళలు వాడవద్దు.
3. ఇంట్లో వాడకానికి కొంత పాలు ఉంచుకున్న తరువాతే కేంద్రానికి పోయండి.
4. పొగాకు మానడం, రోజూ నడవడం, నూనె, నెయ్యి తగ్గించడం ఖర్చు లేని వైద్యం.

ఈ పాఠాన్ని మీ సంఘ సమావేశంలో చదివి వినిపించి, సభ్యులతో చర్చించండి.