అసలు, నకలు: క్లౌడ్ ఖాతాను మూసివేసే ముందు

అసలు, నకలు అనే రెండు మాటలు అరబీలో పుట్టి, ఉర్దూ వాడుక ద్వారా తెలుగునాట కచేరీలలోనికి ప్రవేశించి, నేడు పల్లెటూరి సంభాషణలో సైతం స్థిరపడిపోయాయి. భూమి దస్తావేజు గల రైతుకూ, మార్కుల జాబితా అందుకొన్న విద్యార్థికీ ఈ భేదం ఒకరు చెప్పనక్కరలేదు. అసలును బీరువాలో భద్రపరచి, నకలును దరఖాస్తుకు జతచేయడం మన అలవాటు. అయితే సెల్‌ఫోను చేతికి వచ్చిన తరువాత ఈ భేదం మసకబారింది. ఫోను తెరపై కనిపించే ఛాయాచిత్రం కేవలం చిన్న నకలై ఉండి, దాని అసలు ఎక్కడో ఒక సంస్థ యంత్రాలలో ఉండవచ్చు. ఈ సంగతి గుర్తించక ఖాతాను మూసివేసేవారు అసలును తామే చెరిపివేసుకొంటారు. అట్టి నష్టం కలుగకుండా క్లౌడ్ ఖాతాను ఏ క్రమంలో ముగించాలో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

క్లౌడ్ అనగానేమి?

పేరు మేఘమే గాని, క్లౌడ్ ఆకాశంలో లేదు. వేలాది కంప్యూటర్లను ఒకచోట చేర్చిన డేటా సెంటర్లలో మన ఫైళ్లకు ఇచ్చే అద్దె స్థలమే క్లౌడ్ నిల్వ. గూగుల్ డ్రైవ్, మైక్రోసాఫ్ట్ వన్‌డ్రైవ్, ఆపిల్ ఐక్లౌడ్, డ్రాప్‌బాక్స్ ఇట్టివే. విశాఖపట్నంలో పెద్ద డేటా సెంటర్ నెలకొల్పనున్నట్లు గూగుల్ సంస్థ 2025 అక్టోబరులో ప్రకటించింది. యంత్రాలు మన రాష్ట్రంలోనే ఉన్నా, మన ఫైళ్లను అందుకోవడానికి ఆ సంస్థ షరతులకు లోబడి ఉండవలసిందే. అద్దె ఇంటి తాళంచెవి మన చేతిలో ఉన్నంత మాత్రాన ఇల్లు మనది కాదు గదా!

ఖాతా మూయవలసిన అవసరం ఎందుకు కలుగుతుంది?

మొదటి కారణం స్థలం. గూగుల్ ఖాతాలో ఉచితంగా లభించే 15 గిగాబైట్లను ఉత్తరాలు, ఫైళ్లు, ఛాయాచిత్రాలు మూడూ పంచుకొంటాయి. ఒకప్పుడు గూగుల్ ఫొటోస్‌లో పరిమితి లేకుండా లభించిన ఉచిత నిల్వ 2021 జూన్ 1తో ముగిసింది. ఆపైన నెలనెలా రుసుము చెల్లించలేనివారు ఖాతా వదులుకోవాలని తలుస్తారు.

రెండవది విద్యాసంస్థలకు సంబంధించినది. కళాశాలలకు పరిమితి లేకుండా ఇచ్చిన నిల్వను గూగుల్ సంస్థ 2022 నుంచి సంస్థ మొత్తానికి 100 టెరాబైట్ల ఉమ్మడి పరిమితిలోనికి తెచ్చింది. అందువలన చదువు ముగించి వెళ్లినవారి ఖాతాలను తొలగించడం విద్యాసంస్థలకు తప్పనిసరి కావచ్చు. మూడు సంవత్సరాల ప్రాజెక్టులు, నోట్సులు ఆ ఖాతాలోనే ఉంచిన విద్యార్థి పట్టాతోపాటు వాటిని కూడా తీసుకొని వెళ్లాలి.

మూడవది ఉపేక్ష. రెండు సంవత్సరాలు వాడని వ్యక్తిగత ఖాతాలను తొలగించే నియమాన్ని గూగుల్ 2023లో ప్రకటించి, ఆ సంవత్సరం డిసెంబరు నుంచి అమలులో పెట్టింది. మనం మూయకపోయినా ఖాతా మూతపడగలదని దీని అర్థం. కోనసీమ నుంచి కువైట్, ఖతర్, మస్కట్ వెళ్లిన తల్లులు, సోదరుల పాస్‌పోర్టు, వీసా, ఒప్పంద పత్రాల చిత్రాలు ఇట్టి పాత ఖాతాలలో నిద్రిస్తూ ఉండవచ్చు. ఇంటివారు ఒకసారి విచారించడం మంచిది.

కోనసీమ నేర్పిన పాఠం

2022 మే 24న జిల్లా పేరు మార్పు విషయమై అమలాపురంలో అల్లర్లు చెలరేగిన తరువాత కోనసీమ జిల్లాలో మొబైల్ ఇంటర్నెట్ సేవలను కొన్ని దినాలు నిలిపివేశారు. క్లౌడ్‌లోని ఫైళ్లు ఎక్కడి వక్కడే ఉన్నాయి. వాటిని చేరే దారి మాత్రం మూతపడింది. సొంత కంప్యూటరులో ప్రతి ఉంచుకొన్నవారికి పని సాగింది, లేనివారికి ఆగింది. అదే సంవత్సరం జూలైలో గోదావరి వరద లంక గ్రామాలను ముంచెత్తింది. అట్టి వేళ ఇంటిలోని బీరువాకు గాని, అందులోని హార్డ్ డిస్కుకు గాని రక్షణ లేదు. మే నెల దూరాన ఉన్నది అందదని చెబితే, జూలై నెల దగ్గర ఉన్నది మునుగుతుందని చెప్పింది. కావున ఒక ప్రతి చేతిలో, మరొకటి ఊరికి దూరంగా ఉండాలి. నిపుణులు చెప్పే 3-2-1 సూత్రం సారాంశం కూడా ఇదే: మూడు ప్రతులు, రెండు రకాల సాధనాలపై, ఒకటి వేరొక చోట.

మూసివేసే క్రమం

1. జాబితా రాయడం. ఖాతాలో ఏమున్నవో, ఎంత ఉన్నవో కాగితంపై రాసుకోవాలి. మనవి ఏవి, ఇతరులు మనతో పంచుకొన్నవి ఏవి అని వేరుచేయాలి. మిత్రుడు పంచిన నోట్సు మన ఖాతాలో కనిపించినా దాని యజమాని అతడే. మన ఫైళ్ల మూటలో అది సాధారణంగా రాదు. దానికి విడిగా ప్రతి తీసుకోవాలి.

2. దింపుకోవడం. గూగుల్ ఖాతాకు టేకౌట్ అనే సదుపాయం ఉన్నది. కోరిన వాటిని జిప్ మూటలుగా కట్టి, దింపుకొనే లింకును ఉత్తరం ద్వారా పంపుతుంది. ఆ లింకు సుమారు వారం దినాలే పనిచేస్తుంది. మూటలు అనేకమైతే అన్నిటినీ దింపుకోవాలి. ఈ పనికి ఫోనుకంటె కంప్యూటరు మేలు. డబ్బు చెల్లించే ఖాతా అయితే, ఫైళ్లన్నీ చేతికి రాకముందే చందా నిలిపివేయరాదు.

ఇక్కడే అసలు, నకలు భేదం ముఖ్యం. వన్‌డ్రైవ్ ఫోల్డరులో మేఘం గుర్తుతో కనిపించే ఫైళ్లు కేవలం పేర్లు. లోపలి విషయం కంప్యూటరులో లేదు. గూగుల్ డ్రైవ్ ఫోల్డరులో జీడాక్ అనే తోకతో ఉండే ఫైలు లింకు మాత్రమే. దానిని పెన్‌డ్రైవులోనికి ఎక్కించినా వ్యాసం రాదు. ఐఫోనులో స్థలం ఆదా చేసే ఏర్పాటు ఉంటే ఫోనులో చిన్న చిత్రమే మిగులుతుంది. వీటినన్నిటినీ పూర్తి రూపంలో దింపాలి. గూగుల్ పత్రాలను వర్డ్ రూపంలోనూ, పీడీఎఫ్ రూపంలోనూ తీసుకొంటే మంచిది.

3. తెరచి చూడడం. దింపడంతో పని ముగియదు. మూటలు విప్పి, జాబితాతో లెక్క సరిచూచి, మొదట ఒకటి, నడుమ కొన్ని, చివర ఒకటి తెరవాలి. టేకౌట్ ద్వారా వచ్చిన చిత్రాల తేదీ, వివరణ మొదలగునవి పక్కనే జేసన్ అనే చిన్న ఫైళ్లలో ఉంటాయి. వాటిని చెత్త అనుకొని పారవేయరాదు.

మనవంటి రెండు భాషల కళాశాలకు మరొక పరీక్ష ఉన్నది. అను ఫాంట్లలో కూర్చిన తెలుగు వ్యాసం ఆ ఫాంట్లు లేని కంప్యూటరులో అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది. 1994లో వచ్చిన ఇన్‌పేజ్‌లో కూర్చిన ఉర్దూ గజల్‌ను ఆ ప్రోగ్రాము లేనిచోట తెరవడమే కష్టం. కావున పాత ప్రోగ్రాములు పనిచేస్తున్నప్పుడే ప్రతి రచనకు ఒక పీడీఎఫ్, ఒక యూనికోడ్ ప్రతి సిద్ధం చేయాలి. ఫైలు దక్కి అక్షరం దక్కకపోతే దక్కినదేమిటి?

4. అప్పగించడం. మన ఖాతాలోని ఫైలుపై పదిమంది పనిచేస్తూ ఉంటే, ఖాతా తొలగిన తరువాత అది పదిమందికీ పోతుంది. ముందుగా వారికి తెలిపి యాజమాన్యం బదిలీ చేయాలి. వ్యక్తిగత ఖాతాలలో అవతలివారు దానిని అంగీకరించడం కూడా అవసరం. కళాశాల ఖాతానుంచి బయటి ఖాతాకు బదిలీ కుదరనిచోట ప్రతి తీసి ఇవ్వాలి. బ్యాంకు, స్కాలర్‌షిప్పు, డిజిలాకరు మొదలగు చోట్ల ఆ ఖాతా ఈమెయిలు ఇచ్చి ఉంటే వెంటనే కొత్త చిరునామా నమోదు చేయాలి. లేనిచో సంకేత సంఖ్యలు మూసివేసిన తలుపు వద్దకు చేరుతాయి.

5. వేచి ఉండడం, మూయడం. మొదట ఫోనులన్నిటిలో బ్యాకప్‌ను ఆపాలి. బ్యాకప్ నడుస్తుండగా గూగుల్ ఫొటోస్‌లో చిత్రాన్ని తొలగిస్తే ఫోనులోని ప్రతి కూడా తొలగిపోతుంది. పిదప ఒక నెల ఆ ఖాతా తెరవకుండా, దింపుకొన్న ప్రతులతోనే పని నడిపి చూడాలి. ఏ లోటూ కనబడకపోతే అప్పుడు మూయవచ్చు. స్థలమే సమస్య అయితే ఖాతా మొత్తం తొలగించనక్కరలేదు. డ్రైవ్‌లోని ఫైళ్లను ఖాళీ చేసి ఈమెయిలును నిలుపుకోవచ్చు. తొలగించిన ఫైలు డ్రైవ్ చెత్తబుట్టలో 30 దినాలు ఉంటుంది. మైక్రోసాఫ్ట్ ఖాతా మూసిన తరువాత 30 లేక 60 దినాల గడువు ఇస్తుంది. ఈ గడువులు పొరపాటు దిద్దుకోవడానికే గాని, పని వాయిదా వేయడానికి కాదు.

కళాశాల కర్తవ్యం

ఈ విషయం విద్యార్థులది మాత్రమే కాదు. హాజరు పట్టికలు, స్కాలర్‌షిప్పు జాబితాలు, వార్షిక సంచిక ప్రతులు ఒక అధ్యాపకుని వ్యక్తిగత ఖాతాలో ఉండటం ఏ విద్యాసంస్థకూ క్షేమకరం కాదు. అధ్యాపకుడు బదిలీ అయిన నాడు సంస్థ చరిత్ర అతని వెంట వెళ్లిపోతుంది. కావున కమిటీ పెద్దలకు మూడు సూచనలు: సంస్థ పేరుతోనే ఖాతా ఉంచి, దానికి ఇద్దరు బాధ్యులను నియమించాలి. చివరి సంవత్సరం విద్యార్థులకు వీడ్కోలు సభకు ముందే ఖాతాల ముగింపు తేదీని ప్రకటించి, ఫైళ్లు దింపుకోవడానికి కంప్యూటరు గదిని కొన్ని దినాలు వారికి కేటాయించాలి. ఇంటిలో కంప్యూటరు లేని విద్యార్థికి అంతకంటె ఉపకారం లేదు. సంచిక అచ్చయిన ప్రతి సంవత్సరం ఉర్దూ, తెలుగు భాగాల ప్రతులను రెండు డిస్కులపై ఎక్కించి, ఒకటి గ్రంథాలయంలో, మరొకటి ఊరి వెలుపల భద్రపరచాలి.

వేరొక చోట ప్రతి ఉండటం ఎంత మేలో డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా చరిత్ర తెలుపుతుంది. ఆ పథకం కింద వేలాది తెలుగు, ఉర్దూ గ్రంథాలను స్కాన్ చేశారు. తరువాత దాని వెబ్‌సైట్ అందుబాటులో లేకుండా పోయింది. అయినా ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో ప్రతులు ఉన్నందువలన ఆ పుస్తకాలలో అనేకం నేటికీ చదువరులకు లభిస్తున్నాయి.

విద్యార్థినీ విద్యార్థులారా! దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలని పెద్దల మాట. ఖాతా తెరుచుకొంటూ ఉన్నప్పుడే జాబితా రాయండి, దింపండి, తెరచి చూడండి, అప్పగించండి, వేచి ఉండండి. మూసివేత ఎల్లప్పుడూ చివరి పని. అసలు మీ చేతికి వచ్చిన తరువాత, మేఘంలో మిగిలిన నకలును నిశ్చింతగా వదులుకోవచ్చు.