వైద్య కళాశాలలో విద్యార్థి జీవనము

మా పాఠశాలకు వచ్చు తల్లిదండ్రులలో అనేకులు తమ బిడ్డను డాక్టరును చేయవలెనని చెప్పుచుందురు. కోరిక మంచిదే. కాని ఆ చదువులో చేరిన బిడ్డ ప్రతిదినము ఏమి చేయునో, ఏమి ఓర్చుకొనవలెనో ఎఱిగినవారు కొలదిమందియే. అందుచేత మన నగరములోని మద్రాసు వైద్య కళాశాలను ఉదాహరణముగా గైకొని ఆ సంగతి కొంత వివరింపదలచితిమి.

1835లో వైద్య పాఠశాలగా స్థాపితమైన ఈ సంస్థ 1850లో కళాశాల అయ్యెను. సెంట్రల్ స్టేషనునకు ఎదుట నున్న ప్రభుత్వ జనరల్ ఆసుపత్రియే దీని విద్యార్థులకు పెద్ద బడి. 1875లో మేరీ షార్లీబ్ మున్నగు స్త్రీలు ఇచట చేరిరి. లండన్ విశ్వవిద్యాలయము స్త్రీలకు పట్టములిచ్చుటకు అంగీకరించినది 1878లో మాత్రమే యని తలచినచో దీని గొప్పతనము తెలియును.

నేడు ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. పిదప ఒక సంవత్సరము ఆసుపత్రిలో శిక్షణ. మొదటి యేట శరీర నిర్మాణ, శరీర ధర్మ, జీవ రసాయన శాస్త్రములు. శవమును కోసి నేర్చుకొను గదిలో మందు వాసనకు కన్నులు మండును. తొలిదినములలో కొందఱికి అన్నము సహింపదు. ఆ మృతదేహమే తమకు తొలి గురువని క్రమముగా గ్రహింతురు. తరువాత వార్డులలో పని. రోగి మంచము ప్రక్క నిలిచి, బాధ ఎప్పుడు మొదలైనదో అడిగి, పరీక్షించి, ఆచార్యునకు చెప్పవలెను. తప్పినచో అందఱి యెదుట చీవాట్లు. శిక్షణ సంవత్సరమున రాత్రింబవళ్ళు పని.

పుస్తకములు ఇంగ్లీషున నున్నను రోగి ఇంగ్లీషున మూలుగడు. ఇచటి రోగులలో పెక్కుమంది తమిళులు; నెల్లూరు, చిత్తూరు ప్రాంతములనుండి రైలు దిగి వచ్చు తెలుగువారును కలరు. ఇంటి భాషను, ఊరి భాషను చక్కగా నేర్చిన విద్యార్థి ఈ యిరువురికిని ఆప్తుడగును. కనుక తెలుగు చదువు వైద్యవిద్యకు అడ్డమను భయము వలదు.

ఈ కళాశాలలోనే మన యల్లాప్రగడ సుబ్బారావుగారు చదివిరి. 1895లో భీమవరమున జన్మించిన ఆయన మెట్రిక్యులేషనులో రెండు పర్యాయములు తప్పి మూడవసారి నెగ్గిరి. స్ప్రూ అను వ్యాధి ఆయన సోదరులను బలిగొన్నది. వైద్య విద్యార్థిగా ఖద్దరు ధరించి శస్త్రచికిత్సాచార్యుని ఆగ్రహమునకు గుఱియైరి, ఎం.బి.బి.ఎస్.కు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టమే లభించెను. ఆయన వెనుదీయలేదు. 1922లో అమెరికాకు పోయి పరిశోధనలు సాగించిరి. ఆయన నేతృత్వమున 1945లో తయారైన ఫోలిక్ ఆమ్లము ఆ స్ప్రూ వ్యాధికే మందయ్యెను. 1948లో ఆయన కీర్తిశేషులైరి.

మూడవ పరీక్షకు ఆయనను పంపకయుండినచో ఏమయ్యెడిది? తల్లిదండ్రులు ఈ ప్రశ్నను తమలో తాము వేసికొనవలెను. ఒకసారి తప్పిన బిడ్డను నిందింపక మరల కూర్చుండబెట్టుడు. కాని రోగి బాధను చూచి కరగని, ఆ చదువునందు అభిరుచి లేని బిడ్డను ప్రతిష్ఠకొఱకు బలవంతపెట్టకుడు. ఐదున్నర సంవత్సరములు ఆ మంచముల నడుమ నిలువవలసినది మనము కాదు, బిడ్డయే. ముందుగా బిడ్డ మనసు నడిగి తెలిసికొందము.