వంశవృక్షంలో ఆడపడుచులు – ఐరోపా రాజకుటుంబాల పెళ్ళిళ్ళపై ఒక పరిశీలన

డిగ్రీ చివరి సంవత్సరం విద్యార్థులకు ఐరోపా చరిత్ర చెబుతూ, ఒకరోజు నల్లబల్ల మీద ఇంగ్లండు రాజుల వంశవృక్షం గీశాను. పైన విక్టోరియా రాణి, ఆమె కింద ఏడవ ఎడ్వర్డు, ఆయన కింద ఐదవ జార్జి. గీతలు తిన్నగా వచ్చాయి. నాకూ తృప్తిగానే వుంది. అప్పుడు రెండో బెంచీలో కూర్చున్న ఒక అమ్మాయి లేచి, "విక్టోరియా రాణికి తొమ్మిదిమంది పిల్లలని చెప్పారు కదండీ, తక్కినవాళ్ళేరీ?" అని అడిగింది.

"వాళ్ళతో మనకు పనిలేదమ్మా. అందులో ఐదుగురు ఆడపిల్లలు, పెళ్ళిళ్ళయి వెళ్ళిపోయారు" అన్నాను. తరగతి నవ్వింది. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. "ఎక్కడికి వెళ్ళారండీ?" అంది.

ఆ పూటకు గంట కొట్టడంతో బయటపడ్డాను గాని, ఆ ప్రశ్న నన్ను వదలలేదు. సంచికకు వ్యాసం కావాలని విద్యార్థి సంఘం వారు అడిగినప్పుడు, ఆ బాకీ తీర్చుకొనే అవకాశం దొరికిందనుకొన్నాను.

వంశవృక్షం రాసే పద్ధతి

1763లో జర్మనీలోని గోథా పట్టణం నుండి ఒక పంచాంగం వెలువడడం మొదలైంది. తిథి వార నక్షత్రాల కంటే, అందులో అచ్చయ్యే రాజవంశాల వివరాలకే అది ప్రసిద్ధి పొందింది. ఎవరికి ఎవరు పుట్టారు, ఎవరిని ఎప్పుడు పెళ్ళాడారు అన్నది అందులో చూసుకొనేవారు. రాజకుమార్తె పేరు తండ్రి ఇంటి కింద వుంటుంది. పెళ్ళి తేదీ వుంటుంది. అక్కడితో ఆ గీత ఆగిపోతుంది. ఆమె పిల్లలు వేరే పుటలో, వేరే ఇంటిపేరు కింద వుంటారు.

ఇది ఐరోపా వారి అలవాటే అనుకోనక్కరలేదు. మన పెళ్ళిళ్ళలో ప్రవర చెప్పేటప్పుడు, ఫలానావారి మునిమనుమరాలు, ఫలానావారి మనుమరాలు, ఫలానావారి కుమార్తె అంటూ మూడు తరాల మగవారి పేర్లు చదువుతారు. అమ్మమ్మ పేరుగాని, తల్లి పేరుగాని అందులో రావు.

చాలా జర్మన్ రాజ్యాలలో ఆడపిల్లకు సింహాసనం దక్కకుండా కట్టడి వుండేది. దీనికి మంచి ఉదాహరణ హానోవర్. 1714 నుండి ఇంగ్లండుకూ, హానోవర్‌కూ రాజు ఒక్కడే. 1837లో నాలుగవ విలియం చనిపోగా, పద్దెనిమిదేళ్ళ విక్టోరియా ఇంగ్లండుకు రాణి అయింది. హానోవర్ మాత్రం ఆమెకు రాలేదు. ఆడది గనుక అది ఆమె బాబాయికి పోయింది. నూట ఇరవైమూడేళ్ళు కలిసివున్న రెండు సింహాసనాలు ఒక్క రోజులో విడిపోయాయి.

పెళ్ళా? ఒప్పందమా?

సింహాసనం ఇవ్వకపోయినా, రాజకుమార్తెలతో రాజులకు పని లేకపోలేదు. సంధి పత్రం మీద సంతకం చేశాక, దానికి పూచీగా పిల్లనిచ్చేవారు. ఆస్ట్రియా, ఫ్రాన్సు 1756లో స్నేహం చేసికొన్నాయి. దాన్ని గట్టిపరచడానికి మరియా థెరీసా తన పదహారుమంది సంతానంలో ఒకతెను, మేరీ ఆంట్వానెట్‌ను, ఫ్రాన్సు యువరాజుకిచ్చింది. 1770 మే నెలలో రైన్ నది మధ్యనున్న ఒక లంకలో అప్పగింతలు జరిగాయి. పిల్ల వయస్సు పద్నాలుగు. వెంట వచ్చిన ఆస్ట్రియా పరివారాన్ని అక్కడి నుండే వెనక్కి పంపారు. ఫ్రాన్సువారు తెచ్చిన పరివారంతో ఆమె రెండో గుమ్మం గుండా బయటికి వెళ్ళింది.

ఆ పూచీ ఎంతకాలం నిలిచింది? 1792లో ఫ్రాన్సు ఆస్ట్రియాపై యుద్ధం ప్రకటించింది. అప్పుడు ఆస్ట్రియా ప్రభువు ఆమె సొంత మేనల్లుడే. మరుసటి సంవత్సరం అక్టోబరు 16న ఆమె తల గిలటిన్ కింద తెగింది.

ఇంగ్లండు సంగతి చూద్దాం. విక్టోరియా రాణి పెద్దకూతురి పేరు కూడా విక్టోరియాయే. 1858 జనవరిలో పదిహేడేళ్ళ వయస్సులో ప్రష్యా రాజవంశపు ఫ్రెడరిక్‌ను పెళ్ళాడింది. పార్లమెంటు ఆమెకు 40 వేల పౌనులు కట్నంగానూ, ఏటా 8 వేల పౌనులు భత్యంగానూ మంజూరు చేసింది. (కట్నం మనకే వుందనుకొనేవారు గమనించగలరు!) ఆమె ద్వారా ప్రష్యాలో ఇంగ్లండు తరహా ప్రజాపాలన వస్తుందని తండ్రి ఆల్బర్టు ఆశ. కాని ఫ్రెడరిక్ 1888లో గొంతు కేన్సరుతో, గద్దెనెక్కిన 99 రోజులకే చనిపోయాడు. తరువాత వచ్చినవాడు ఆమె కొడుకు రెండవ విల్హెల్మ్, అంటే మొదటి ప్రపంచ యుద్ధపు కైజరు.

మన వరసలలో చూస్తే

ఇంగ్లీషు పుస్తకాలలో వీళ్ళంతా ఒకరికొకరు 'కజిన్'లు. ఆ ఒక్క మాటతో ఏమీ తెలియదు. మన వరసలు పెట్టి చూస్తే కథ తేటపడుతుంది.

విక్టోరియా రాణి తల్లీ, ఆల్బర్టు తండ్రీ అన్నాచెల్లెళ్ళు. అంటే రాణిగారిది అచ్చమైన మేనరికం! కైజరు విల్హెల్మ్, ఇంగ్లండు రాజు ఐదవ జార్జికి మేనత్త కొడుకు, బావ. ఇక జార్జి తల్లి అలెగ్జాండ్రా, రష్యా జారు రెండవ నికొలస్ తల్లి డాగ్మార్ అక్కచెల్లెళ్ళు. డెన్మార్క్ రాజు తొమ్మిదవ క్రిస్టియన్ కూతుళ్ళు. కాబట్టి జార్జి, నికొలస్ మన లెక్కలో అన్నదమ్ములు. పోలికలు కూడా అలాగే వుండేవి. నికొలస్ భార్య అలిక్స్, విక్టోరియా రాణి రెండో కూతురు ఆలిస్ బిడ్డ. ఆమె తల్లీ, కైజరు తల్లీ అక్కచెల్లెళ్ళు. అంటే జారు కైజరుకు చెల్లెలి మొగుడు.

ఒకచోట మాత్రం మన పెద్దలు చెవులు మూసుకొంటారు. కైజరు తమ్ముడు హెన్రీ, అలిక్స్ అక్క ఐరీన్‌ను 1888లో పెళ్ళాడాడు. మన వరసలో వాళ్ళు అన్నాచెల్లెళ్ళు. వారికి అది తప్పు కాదు.

1913 మే 24న బెర్లిన్‌లో కైజరు కూతురి పెళ్ళి జరిగింది. వరుడు డాగ్మార్ చెల్లెలు థైరా కొడుకు. జార్జి, నికొలస్ ఇద్దరూ వచ్చారు. ఆ ముగ్గురు ప్రభువులూ ఒకచోట కలవడం అదే ఆఖరు. పద్నాలుగు నెలలకు యుద్ధం వచ్చింది. యుద్ధానికి ముందటి రోజుల్లో కైజరు, జారు 'విల్లీ', 'నిక్కీ' అని సంతకాలు చేసి టెలిగ్రాములు పంపుకొన్నారు. సైన్యాలు ఆగలేదు. వియ్యంతో యుద్ధాలు ఆగుతాయన్న నమ్మకం అక్కడితో తీరిపోయింది.

పుట్టింటి పేరు

ఇక్కడ నన్ను బాగా కదిలించిన విషయం ఒకటుంది. అత్తవారింట అడుగుపెట్టిన రాజకుమార్తెను మతం మార్చుకోమన్నారు, పేరు మార్చుకోమన్నారు. డాగ్మార్ మరియా ఫ్యోదొరొవ్నా అయింది. అలిక్స్ అలెగ్జాండ్రా ఫ్యోదొరొవ్నా అయింది. పుట్టిల్లు మరచిపోవాలన్నారు. అంతా చేసినా, కష్టకాలం వచ్చేసరికి పారిస్ జనం మేరీ ఆంట్వానెట్‌ను 'ఆస్ట్రియా మనిషి' అన్నారు. బెర్లిన్‌లో విక్టోరియాను 'ఇంగ్లీషు మనిషి' అన్నారు. యుద్ధకాలంలో రష్యాలో అలిక్స్‌ను 'జర్మనుది' అన్నారు. వంశవృక్షం చెరిపేసిన పుట్టింటిని, నిందించవలసి వచ్చినప్పుడు మాత్రం అందరూ గుర్తుపెట్టుకొన్నారు.

1917లో జారు గద్దె దిగాక, అతని కుటుంబానికి ఆశ్రయమిస్తామన్న ఇంగ్లండు వెనక్కి తగ్గింది. 1918 జూలై 17న యెకతెరీన్‌బర్గ్‌లో భార్యాభర్తలను, ఐదుగురు పిల్లలను కాల్చి చంపారు. కాని 1919లో ముసలి డాగ్మార్‌ను రష్యా నుండి తప్పించడానికి ఇంగ్లీషు యుద్ధనౌక వెళ్ళింది. తన తల్లి అలెగ్జాండ్రా కోరిక మీదనే జార్జి ఆ నౌకను పంపాడు. చెల్లెలి కోసం అక్క పడిన ఆరాటం అక్కడ పనిచేసింది.

రక్తంలో వచ్చినది

ఇక వైద్య విద్యార్థులకు తెలిసిన సంగతి. దెబ్బ తగిలితే రక్తం గడ్డకట్టని హిమోఫిలియా జబ్బు విక్టోరియా రాణి సంతానంలో వచ్చింది. ఆడవారికి రెండు ఎక్స్ క్రోమోజోములుంటాయి. ఒకదానిలో లోపమున్నా రెండోది కాపాడుతుంది గనుక సాధారణంగా వారికి జబ్బు బయటపడదు. కొడుక్కి వుండేది ఒకే ఎక్స్, అదీ తల్లి ఇచ్చినదే. లోపమున్నది వస్తే జబ్బు తప్పదు. రాణి కొడుకు లియోపోల్డు 1884లో దీనితోనే పోయాడు. కూతుళ్ళు ఆలిస్, బియాట్రిస్ తమకు తెలియకుండానే దాన్ని మోశారు.

ఆలిస్ రెండేళ్ళ కొడుకు 1873లో కిటికీలోంచి పడి, రక్తస్రావంతో చనిపోయాడు. ఆమె కూతురు అలిక్స్‌కు లేకలేక పుట్టిన ఏకైక కొడుకు అలెక్సీకి అదే జబ్బు. బియాట్రిస్ కూతురు ఈనా 1906లో స్పెయిన్ రాజు పదమూడవ ఆల్ఫాన్సోను పెళ్ళాడింది. వారి ఇద్దరు కొడుకులు కారు ప్రమాదాలలో తగిలిన దెబ్బలకు రక్తస్రావమై, ఒకరు 1934లో, ఒకరు 1938లో మరణించారు.

దగ్గరి సంబంధాల వల్లనే ఈ జబ్బు వచ్చిందని చాలామంది అనుకొంటారు. అది సరికాదు. స్పెయిన్ సంబంధం పూర్తిగా బయటి సంబంధమే, అయినా వచ్చింది. ఇది తల్లి నుండి వచ్చే లోపం, వరుడెవరైనా ఒకటే. ఈ సంగతి మగవారి పేర్లు మాత్రమే వున్న వంశవృక్షంలో ఎంత వెదికినా దొరకదు. ఆడపడుచుల గీతలు గీస్తేనే కనిపిస్తుంది.

ఎముకలు చెప్పిన సాక్ష్యం

1991లో యెకతెరీన్‌బర్గ్ దగ్గర ఒక గోతిలోంచి తొమ్మిదిమంది ఎముకలు వెలికితీశారు. అవి జారు కుటుంబానివేనా? ఎలా తెలుసుకోవడం? మన కణాలలో మైటోకాండ్రియా అనే భాగాలున్నాయి. వాటి డి.ఎన్.ఏ. తల్లి నుండి మాత్రమే వస్తుంది. తల్లి అందరు పిల్లలకూ ఇస్తుంది. కాని ముందు తరానికి అందించేది కూతుళ్ళే. కాబట్టి అలిక్స్ తల్లి ఆలిస్ నుండి, కూతురు, కూతురి కూతురు అంటూ తెగకుండా వచ్చిన మనిషి కావాలి.

అలాంటి మనిషి ఇంగ్లండులో దొరికాడు. ఆయన రెండవ ఎలిజబెత్ రాణి భర్త ప్రిన్స్ ఫిలిప్. ఆయన తల్లి పేరూ ఆలిసే. ఆమె తల్లి విక్టోరియా. ఆమె తల్లి విక్టోరియా రాణి కూతురు ఆలిస్. (మన దేశపు ఆఖరి వైస్రాయి మౌంట్‌బాటెన్ ఈ ఫిలిప్‌కు స్వయానా మేనమామ.) ఆయన రక్తంతో పోల్చి, 1993లో అలిక్స్‌ను, ఆమె ముగ్గురు కూతుళ్ళను గుర్తించారు. జారు ఎముకలను కూడా అతని తల్లి వైపు స్త్రీల పరంపరకు చెందినవారితోనే పోల్చారు. మిగిలిన ఇద్దరు పిల్లల అవశేషాలు 2007లో దొరికాయి.

మూడు వందల ఏళ్ళ రొమనోవ్ వంశం, దాని గొప్ప ఇంటిపేరు, బిరుదులు ఆ గోతి దగ్గర ఏమీ చెప్పలేకపోయాయి. మాట్లాడింది తల్లుల వరస.

ఇప్పుడు

చట్టాలు మారుతున్నాయి. 1980లో స్వీడన్ అందరికంటే ముందుగా, ఆడైనా మగైనా పెద్దబిడ్డకే గద్దె అన్నది. కొద్ది నెలల పాటు యువరాజుగా వున్న తమ్ముడిని దాటి అక్క విక్టోరియా ముందుకు వచ్చింది. తరువాత నెదర్లాండ్స్, నార్వే, బెల్జియం, డెన్మార్క్ అదే దారి పట్టాయి. ఇంగ్లండులో 2013లో చేసిన చట్టం 2015లో అమలులోకి వచ్చింది.

ఇది రాసే ముందు మా ఇంటి సంగతి కూడా చూద్దామనిపించింది. మా నాన్నగారు ఏడు తరాల వంశవృక్షం నోటుపుస్తకంలో రాసిపెట్టారు. అందులో ముప్ఫైకి పైగా పేర్లున్నాయి. మా నాయనమ్మ పేరు లేదు. అమ్మ దగ్గరకు వెళ్ళి, "మీ అమ్మమ్మ పేరేమిటమ్మా?" అని అడిగాను. ఆమె చాలాసేపు ఆలోచించింది. "మేమంతా పెద్దమ్మమ్మా అనే పిలిచేవాళ్ళం నాయనా. పేరు ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు" అంది. ఎక్కడో రష్యా జారిణి తల్లి, అమ్మమ్మల పేర్లు నాకు కంఠస్థం. నా రక్తంలో వున్న మనిషి పేరు నాకు తెలియదు.

ఆ మర్నాడు తరగతిలో నల్లబల్ల మీద తొమ్మిది గీతలూ గీశాను. అడిగిన అమ్మాయి ముందు బెంచీలోకి వచ్చి కూర్చుంది. విద్యార్థులకు నా మనవి ఒక్కటే. ఈ సెలవుల్లో ఇంటికి వెళ్ళినప్పుడు మీ అమ్మమ్మనో, నాయనమ్మనో పక్కన కూర్చోబెట్టుకొని, వాళ్ళ తల్లి పేరు, ఆ తల్లి పుట్టిన వూరు అడిగి రాసిపెట్టుకోండి. చెప్పేవాళ్ళు వున్నప్పుడే అడగాలి.