ఏటీవీ వించ్ తాడు మార్చాలా? కొనే ముందు ఈ లెక్కలు చూసుకోండి

 

మా మామిడి తోటలో ట్రాక్టర్ తిరగలేని చోట్ల చిన్న ఏటీవీతోనే పని. ఎకరానికి 200 లీటర్ల జీవామృతం ఇవ్వాలంటే డ్రమ్ము ట్రాలీ మీద పెట్టుకుని చెట్టు చెట్టుకీ తిరగాలి. కత్తిరించిన కొమ్మలు మల్చింగ్ కోసం ఈడ్చుకు రావాలి. వానాకాలంలో బండి నల్లరేగడిలో దిగబడితే బయటికి లాగేది ముందున్న వించే. ఆ వించ్ తాడు పాడైతే కొత్తది ఏది కొనాలి అన్నదే ఈరోజు విషయం. పాత తాడు విప్పి కొత్తది చుట్టడం వీడియోలో చూపించాను. లెక్కలు మాత్రం ఇక్కడ రాస్తున్నాను.

ముందే ఒక మాట. ఇది ధర చూసి కొనే సామాను కాదు. బిగిసి ఉన్న తాడు తెగితే కొరడాలా వెనక్కి కొడుతుంది. బటన్ నొక్కేది మనం. తాడు పక్కన నిలబడి "ఇంకొంచెం, ఇంకొంచెం" అనేది మన తమ్ముడో, పనికొచ్చినాయనో. దెబ్బ తగిలేది వాళ్లకి.

1. పాతది మార్చాలా, వద్దా?

తోలు గ్లౌజులు వేసుకుని, వైరు రోపు మీద పాత గుడ్డ పెట్టి మెల్లగా జరపండి. గుడ్డ తట్టుకున్న చోట తీగ తెగినట్టు. దగ్గరదగ్గరగా చాలా తీగలు తెగినా, మెలిపడి మడత వచ్చినా, పురులు విడిపోయి పంజరంలా ఉబ్బినా, తుప్పు లోపలికి దిగినా మార్చేయాలి. మడతను సుత్తితో కొట్టి సాపు చేస్తే చూపుకి బాగుంటుంది గానీ పోయిన బలం తిరిగిరాదు. గోమూత్రంలో లవణాలు ఉంటాయి కాబట్టి అది పడ్డ వైరుకి తుప్పు త్వరగా పడుతుంది. పని అవగానే కడిగి ఆరబెట్టండి.

2. ఎంత బలం కావాలి?

వించ్ మీద పౌండ్లలో రాసి ఉంటుంది. 2,500 పౌండ్లంటే సుమారు 1,134 కిలోలు, 3,500 అంటే సుమారు 1,588 కిలోలు. వించ్ డ్రమ్ము మీద ఒక్క పొర తాడే ఉన్నప్పటి లెక్క ఇది. పొరలు పెరిగేకొద్దీ లాగే శక్తి తగ్గుతుంది.

తాడు తెగే బలం ఆ అంకెకి కనీసం ఒకటిన్నర రెట్లు ఉండాలి, రెండు రెట్లుంటే ఇంకా నయం. 4.8 మిల్లీమీటర్ల మంచి ఉక్కు రోపు తెగే బలం సుమారు 1,900 కిలోలు. 2,500 పౌండ్ల వించ్‌కి అది సరిపోతుంది, 3,500 దానికి చాలదు. దానికి 6 మిల్లీమీటర్ల పైన చూడాలి.

మరి బురదలో ఎంత లాగాలి? బండి, మనిషి, ట్రాలీ, జీవామృతం కలిపి 650 కిలోలు అనుకుందాం. చక్రాల లోతు దిగబడితే దాదాపు అంత లాగాలి. మడ్‌గార్డుల దాకా దిగితే రెండింతలు, అంటే 1,300 కిలోలు. చిన్న వించ్‌కి ఇది మించిన పని. అప్పుడు తాడు లావు పెంచి లాభం లేదు. ముందు జీవామృతం డ్రమ్ము దించండి. కప్పీ వేసి తాడును రెండు వరసలుగా తిప్పండి. వించ్ మీద భారం దాదాపు సగమవుతుంది.

3. ఉక్కా, సింథటిక్కా?

ఉక్కులో 7×19 అని అడగండి. ఏడు పురులు, ఒక్కో పురిలో 19 సన్న తీగలు. చిన్న డ్రమ్ము మీద బాగా వంగుతుంది. కరెంటు స్తంభాలకి కట్టే స్టే వైరు లావు తీగలది, అది అలా వంగదు. బోరు మోటారుకి కట్టే ప్లాస్టిక్ తాడు కూడా వద్దు. బాగా సాగి, తెగినప్పుడు గట్టిగా కొడుతుంది.

సింథటిక్ రోపు అంటే డైనీమా లాంటి గట్టి పోగులతో 12 పాయలుగా అల్లినది. అదే లావు ఉక్కు కన్నా బలమైనది, చాలా తేలిక, తీగలు చేతికి గుచ్చుకోవు. కానీ రాయి, ఇసుక, ఎండ, వేడి దీనికి పడవు. ఈ పోగు 150 డిగ్రీల దగ్గర కరుగుతుంది. 70 దాటితేనే బలం తగ్గడం మొదలవుతుంది. చాలా వించ్‌ల బ్రేకు డ్రమ్ము లోపలే ఉంటుంది. బరువు మీద తాడు వదిలితే అక్కడ వేడెక్కుతుంది.

నా సలహా: రాళ్ల పొలం, కొమ్మలు ఈడ్చే పని అయితే ఉక్కు. మెత్తటి నేల, బురదే ఎక్కువైతే సింథటిక్. బురదలో వాడాక నీళ్లతో బాగా కడగాలి. లోపలికి దూరిన ఇసుక పోగుల్ని కోసేస్తుంది.

4. తాడుతో పాటు మారేవి

ఉక్కు తీసి సింథటిక్ వేస్తుంటే, తాడు బయటికొచ్చే చోట ఉన్న రోలర్లు తీసి నున్నటి అల్యూమినియం ఫెయిర్‌లీడ్ బిగించండి. పాత వైరు గీసిన డ్రమ్మును ఎమెరీ పేపరుతో నునుపు చేయండి. లావు, పొడవు వించ్ పుస్తకంలో రాసినవే తీసుకోండి. లావుది వేస్తే అంత పొడవు డ్రమ్ములో పట్టదు.

వాడేటప్పుడు డ్రమ్ము మీద ఉక్కు అయితే కనీసం 5 చుట్లు, సింథటిక్ అయితే 8 నుంచి 10 చుట్లు మిగలాలి. తాడును పట్టి ఉంచేది ఆ చుట్లే, చివరనున్న స్క్రూ కాదు.

5. లాగేటప్పుడు

తాడును నేరుగా చెట్టుకి చుట్టొద్దు, వెడల్పు పట్టీ వేయండి. ఆకుల్లో తయారైన ఆహారం వేర్లకి దిగేది బెరడులోంచే. అక్కడ వైరు కోసిందంటే మనం పోసిన జీవామృతం ఆ చెట్టుని కాపాడలేదు. తాడు మధ్యలో తడి గోనెసంచి వేయండి. బిగిసిన తాడు దాటొద్దు. మనుషులంతా తాడు పొడవు కన్నా ఎక్కువ దూరంలో ఉండాలి. ఈ వించ్‌తో బోరు మోటారు పైకి లాగే ప్రయత్నం చేయొద్దు, ఇది వేలాడే బరువు కోసం చేసింది కాదు.

షాపుకి వెళ్లేటప్పుడు వించ్ పౌండ్లు, తాడు లావు, పొడవు, హుక్కు కొలత కాగితం మీద రాసుకెళ్లండి. తెగే బలం ఎంతో రాసి లేని తాడు ఎంత చవకగా ఇచ్చినా తీసుకోవద్దు.