నిడో డబ్బాలోని నాణేలు: విలువ కట్టడం ఎలా?

మధురానగర్‌లోని మా హాస్టల్‌లో ఇంటర్ రెండో సంవత్సరం చదివే తమ్ముడొకడు దసరా సెలవుల నుంచి వస్తూ ట్రంకు పెట్టెలో నిడో పాలపొడి డబ్బా పెట్టుకొచ్చాడు. అందులో పాలపొడి లేదు, 214 నాణేలున్నాయి. వాళ్లది జగిత్యాల వైపు ఊరు. వాళ్ల నాయన పదకొండేళ్లు దుబాయి, కువైట్, మస్కట్‌లలో పనిచేసి నడుము నొప్పితో తిరిగొచ్చాడు. ఆ డబ్బా అమ్మితే అమీర్‌పేటలో కోచింగ్ ఫీజు వస్తుందని తమ్ముడి ఆశ.

ఆశ పుట్టించింది ఒక ఫోన్ కాల్. "మీ నాణేనికి మూడు లక్షలు వస్తాయి, ముందు రిజిస్ట్రేషన్‌కు 650 కట్టండి" అన్నారు. కట్టాడు. తరువాత పన్ను పేరుతో 2,400 అడిగారు. ఆ అప్పు కోసం మా గదికి వచ్చినప్పుడు గాని మాకు సంగతి తెలియలేదు. పాత నాణేలు కొంటామంటూ తన పేరు వాడుకుని కమీషన్లు, పన్నులు వసూలు చేస్తున్నవారిని నమ్మవద్దని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది. కొనేవాడు మనకు డబ్బు ఇవ్వాలి గాని మన దగ్గర తీసుకోవడమేమిటి? ఈ ఒక్క ప్రశ్న వేసుకుంటే 650 మిగిలేవి.

ఆ ఆదివారం స్టడీ అవర్ అయిపోయాక డబ్బాను దుప్పటి మీద బోర్లించాం. అప్పటికే తమ్ముడు మెస్సులో చింతపండు అడిగి తెచ్చి పది నాణేలు తళతళలాడేలా తోమేశాడు. ఇత్తడి చెంబుకు అది మంచిదే, నాణేనికి కాదు. సేకరించేవాళ్లు కాలంతో వచ్చిన రంగును చూస్తారు, తోమిన గీతలు కనబడితే ధర తగ్గిస్తారు. మట్టి ఉంటే మంచినీళ్లలో ముంచి, రుద్దకుండా గుడ్డతో అద్దితే చాలు.

మొదట దేశాల వారీగా వేరు చేశాం. కష్టమంతా అరబిక్ అంకెల దగ్గరే వచ్చింది. మన సున్నలా కనిపించేది అక్కడ ఐదు. సున్న అంటే ఒక చుక్క మాత్రమే. మన 7 లాగా కనిపించేది ఆరు, ఇంగ్లీషు వి అక్షరంలా ఉన్నది ఏడు, దాన్ని తలకిందులు చేస్తే ఎనిమిది. సంవత్సరం హిజ్రీలో ఉంటే దాన్ని 0.97తో గుణించి 622 కలిపితే మన సంవత్సరం దాదాపుగా వస్తుంది. సౌదీ నాణెం మీద 1408 ఉందనుకోండి, అది 1987-88 ప్రాంతానిది. ఈ లెక్క తెలియక "పద్నాలుగో శతాబ్దం నాణెం" అని మురిసిపోయినవాళ్లు మా గదిలోనే ఇద్దరున్నారు!

తరువాత అసలు ప్రశ్న. ఈ నాణెం ఆ దేశంలో ఇంకా చెల్లుతుందా? చెల్లితే దాని విలువ దాని ముఖం మీదే ఉంది. దుబాయి దిర్హాలు 31, 50 ఫిల్సువి 12, 25 ఫిల్సువి 20, అన్నీ కలిపి 42 దిర్హాలు. కువైట్‌లో దీనారుకు 1,000 ఫిల్సులు. 100 ఫిల్సువి 9, 50వి 14 కలిపితే 1.6 దీనార్లు. ఒమన్‌లోనూ రియాలుకు 1,000 బైసాలే. 50 బైసాలవి 16, అంటే 0.8 రియాలు. దిర్హం 24, దీనారు 287, రియాలు 229 రూపాయల లెక్కన మొత్తం దాదాపు 1,650 రూపాయలు. సైజును చూసి మోసపోకూడదు. వంద ఫిల్సు బిళ్ల దిర్హం కంటే ఎక్కువ చేస్తుంది. ఒకప్పుడు ఆ గల్ఫ్ దేశాల్లో చాలా చోట్ల నడిచింది మన రూపాయే. 1959లో రిజర్వు బ్యాంకు వాళ్ల కోసం ప్రత్యేక నోట్లు వేసింది. కువైట్ 1961లో సొంత దీనారుకు మారింది.

అయితే 1,650 అనేది కాగితం మీద లెక్క. పంజాగుట్టలో రెండు మారకం దుకాణాలకు తిరిగాం. నోట్లయితే తీసుకుంటాం, చిల్లర తీసుకోం అన్నారు. విదేశీ నాణేలు ఎన్నైనా దగ్గర ఉంచుకోవచ్చు, 2,000 డాలర్ల పరిమితి నోట్లకే. కాని చెల్లే డబ్బును మార్చే వ్యాపారం మాత్రం అనుమతి ఉన్నవాళ్లే చెయ్యాలి. కాబట్టి దారిన పోయేవాళ్లకు అమ్మే ఆలోచన మానుకున్నాం.

చెల్లని వాటి సంగతి వేరు. రెండు జర్మనీ మార్కులు, ఒక ఫ్రాంకు కనిపించాయి. ఫ్రాంకు నాణేలను మార్చుకునే గడువు 2005తోనే ముగిసింది. మార్కులను మాత్రం జర్మనీ కేంద్ర బ్యాంకు గడువు లేకుండా ఇప్పటికీ మార్చి ఇస్తుంది, 1.95583 మార్కులకు ఒక యూరో. రెండు మార్కుల కోసం జర్మనీకి కవరు పంపితే పోస్టు ఖర్చే ఎక్కువవుతుంది. అమెరికా క్వార్టరు 1964 లేదా అంతకు ముందుదైతే తొంభై పాళ్లు వెండి. 1965 నుంచి వచ్చిన వాటిలో వెండి లేదు, అంచున రాగి చార కనిపిస్తుంది. మా డబ్బాలో అలాంటివేవీ దొరకలేదు.

నేపాల్, శ్రీలంక, ఫిలిప్పీన్స్, ఈజిప్టు చిల్లర నూటికి పైగా తేలింది. అదంతా కార్మికుల క్యాంపులో గది పంచుకున్నవాళ్ల జేబుల్లోది. ఇలాంటి మామూలు నాణేలు ప్రపంచమంతటా తూకానికే పోతాయి. క్యాటలాగులో ఒకదానికి యాభై రూపాయలని రాసి ఉన్నా అది మచ్చలేని నాణేనికి, అదీ దుకాణంవాడు అమ్మే ధర. మనకు ఇచ్చేది కాదు. గురువారం జుమ్మేరాత్ బజారులో ఒకాయన 150 అన్నాడు, ఇంకొకాయన 210 అన్నాడు. ఇద్దరినీ అడిగినందుకు అరవై రూపాయల లాభం.

అన్నిటికంటే విలువైనది విదేశీ నాణెం కాదు, హైదరాబాదుదే. డబ్బా అడుగున చార్మినార్ బొమ్మ ఉన్న వెండి రూపాయి ఉంది. హిజ్రీ 1337, అంటే 1918-19. చార్మినార్ ద్వారంలో 'ఐన్' అక్షరం ఉంటే ఉస్మాన్ అలీఖాన్ కాలానిది, 'మీమ్' ఉంటే ఆయన తండ్రి మహబూబ్ అలీఖాన్ కాలానిది. దీని మీద ఐన్ ఉంది. పుట్టిన చోటు ఇక్కడికి దగ్గరే, సైఫాబాద్ టంకశాల. ముద్రణ 1997లో చర్లపల్లికి మారింది, పాత భవనాన్ని 2022లో మ్యూజియంగా తెరిచారు. అమీర్‌పేటలో మెట్రో మారి లక్డీకాపూల్‌లో దిగి చూసొచ్చాం.

ఆ రూపాయి 11.18 గ్రాములు, నూటికి 81.8 పాళ్లు వెండి. అంటే తొమ్మిది గ్రాములకు పైగా అసలు వెండి. ఆనాటి వెండి ధరతో గుణించి వచ్చిన మొత్తం కంటే తక్కువకు ఇవ్వకూడదు. దండలో వేసుకోవడానికి ఎవరో దానికి కొక్కెం అతికించారు. ఆ అతుకుతో సేకర్తల ధర పోయింది, వెండి ధర మిగిలింది. ఇంకో చిక్కు కూడా ఉంది. నూరేళ్లు దాటిన నాణెం 1972 చట్టం ప్రకారం పురావస్తువు. దాన్ని దేశం దాటించరాదు, ఆ వ్యాపారం చెయ్యాలంటే లైసెన్సు ఉండాలి.

ఇంత లెక్క తేల్చాక అడగవలసిన మొదటి ప్రశ్న చివర్లో అడిగాం. "మీ నాయనకు చెప్పినవా?" తమ్ముడు తల వంచుకున్నాడు. మా ముందే ఫోన్ చేయించాం. ఆయన తిట్టలేదు. కాసేపు ఊరుకుని అన్నాడు: "దిర్హాలు నీ ఫీజుకు వాడుకో బిడ్డా. చిల్లర అమ్ముకో. చార్మినార్ బిళ్ల మీ నాయినమ్మ మెడలది, దాన్ని ముట్టకు."

తమ్ముడి మేనమామ నవంబరులో దుబాయికి తిరిగి వెళ్తూ 42 దిర్హాలు అక్కడ ఖర్చుకు తీసుకెళ్లి, మేనల్లుడి చేతిలో వెయ్యి రూపాయలు పెట్టాడు. చిల్లరకు 210. పోయిన 650 తీసేస్తే చేతికొచ్చింది 560. కోచింగ్ మాట అటుంచి పరీక్ష ఫీజుకు పనికొచ్చింది. కువైట్, ఒమన్ నాణేలను వేరువేరు కాగితాల్లో చుట్టి, పైన దేశం, విలువ, సంవత్సరం రాసి మళ్లీ డబ్బాలోనే పెట్టాం. చార్మినార్ బిళ్లను గుడ్డలో కట్టి పైన ఉంచాం. సంక్రాంతికి అది ఊరికి వెళ్లింది. పూర్వ విద్యార్థుల్లో ఎవరి దగ్గరైనా ప్రపంచ నాణేల క్యాటలాగు, ఎంత పాతదైనా సరే, ఉంటే మన లైబ్రరీకి ఇవ్వండి. ఇలాంటి డబ్బాలు ఇంకా రెండు గదుల్లో ఉన్నాయని తెలిసింది.